ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలెవరు? – కోనసీమ గ్యాసూ, దళిత పేటలూ

పర్యావరణ అనుమతుల నిబంధనల్లో ఒక చిన్న మాట ఉంది. ఏదైనా ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేటప్పుడు, పత్రికలు చేరని ఊళ్లలో డప్పు కొట్టించి జనానికి తెలియజెయ్యాలని. చదివేవాళ్లకి ఇది మామూలు మాటే. మేము మాత్రం అక్కడ ఆగిపోయాం. మన ఊళ్లలో డప్పు కొట్టేది ఎవరు? మాదిగపేట మనిషి. ఫలానా రోజున, ఫలానా చోట గ్యాసు కంపెనీ మీటింగు ఉంది, అందరూ రావాలని ఊరంతా చాటింపు వేసేది ఆయనే. మరి ఆ మీటింగులో ఆయన ఎక్కడ కూర్చుంటాడు? ఆయన చెప్పిన మాట ఏ కాగితంలోకి ఎక్కుతుంది? ఆయనకి భూమి లేదు గదా, ఆయన్ని అసలు అడగాల్సిన పని ఉందని చట్టం అనుకుంటోందా?

ఈ వ్యాసంలో మేము వివరించదలుచుకున్నది ఈ ఒక్క విషయమే. కోనసీమలో గ్యాసు తవ్వాలా వద్దా అన్న చర్చ చాలాకాలంగా ఉంది. ఆ చర్చ జరగాల్సిందే. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. తవ్వే ముందు అడగాలి అన్నప్పుడు, ఎవర్ని అడుగుతున్నారు? చట్టాల్ని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే సమాధానం స్పష్టంగానే దొరుకుతుంది. మన దేశంలో గ్యాసు విషయంలో మాట్లాడే హక్కు చాలావరకు భూమి కాగితానికి ముడిపడి ఉంది. కాగితం లేని వాడికి ప్రమాదంలో వాటా ఉంది, మాటలో వాటా లేదు.

మంట కింద బతుకు

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, సముద్రం దాకా పరుచుకున్న నేల కోనసీమ. కొబ్బరి తోటలు, వరి చేలు, కాలువలు. పైకి కనిపించేది ఇది. కింద కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసు నిక్షేపాలు. ఓ.ఎన్.జి.సి. బావులు, తాటిపాక గ్యాసు సేకరణ కేంద్రం, అక్కడినుంచి నాలుగు దిక్కులా వెళ్లే గొట్టాలు. ఈ ప్రాంతంలో పుట్టిన పిల్లలకి రాత్రిపూట కొబ్బరాకుల వెనకాల ఆరకుండా వెలిగే మంట చిన్నప్పట్నుంచీ తెలిసిన దృశ్యం.

ఈ మంట ఎంత పెద్దదవుతుందో 1995లో తెలిసింది. ఆ ఏడాది జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావి ఒకటి తవ్వుతుండగా అదుపు తప్పి గ్యాసు ఎగదన్నింది, అంటుకుంది. మార్చి 15న గాని ఆరలేదు. 65 రోజులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లొదిలి శిబిరాలకి పోవాల్సొచ్చింది.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత అదే మామిడికుదురు మండలంలో నగరం గ్రామం కాలింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున, తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకెళ్లే గెయిల్ గొట్టం లీకై పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు, అప్పుడే లేచి పొయ్యి ముట్టించబోతున్నవాళ్లు. తర్వాత ప్రభుత్వం జరిపించిన విచారణలో తేలింది ఇది: తేమ లేని గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన గ్యాసు పంపారు, లోపల తుప్పు పట్టి గొట్టం పల్చబడింది. అంటే ఇది దైవికం కాదు, నిర్వహణ లోపం.

ఈ రెండు ఘటనల్లో దెబ్బతిన్నవాళ్లు ఒక్క కులం వాళ్లు కారు. మంటకి కులం తెలీదు. కానీ మంట చుట్టూ ఎవరి ఇల్లు ఎక్కడుంటుందో నిర్ణయించేది కులమే. కోనసీమలో ఊరికీ పేటకీ మధ్య గీత ఇవాళ్టికీ ఉంది. పేటలు చాలాచోట్ల పల్లంలో ఉంటాయి, కాలువ గట్ల మీద, డ్రెయిన్ల పక్కన, పుంతల మీద, పోరంబోకులో ఉంటాయి. పెద్ద రైతుకి ఊళ్లో మేడ ఒకటి, కాకినాడలోనో హైదరాబాదులోనో ఇంకోటి ఉంటుంది. గ్యాసు వాసనొస్తే కారెక్కి పోగలడు. పేటవాళ్లు పోయేది నడిచి, అదీ ఎక్కడికో తెలిస్తే. పొద్దున్నే ఆ గొట్టం పోయిన చేలోనే దిగి నాట్లేసేది, కలుపు తీసేది, కొబ్బరి దింపేది కూడా వాళ్లే. భూమి ఎవరిదైనా, రోజులో ఎక్కువ గంటలు ఆ భూమి మీద ఉండే మనిషి కూలీ. ఈ మనిషిని దృష్టిలో పెట్టుకుని ఇప్పుడు చట్టాల్లోకి వెళ్దాం.

గొట్టం చట్టం: భూమి ఉంటేనే మనిషి

గ్యాసు గొట్టాలు వేసేందుకు భూమి తీసుకునే చట్టం 1962లో వచ్చింది. ఈ చట్టం కింద ప్రభుత్వం భూమిని కొనదు. భూమి రైతు పేరనే ఉంటుంది, దాని అడుగున గొట్టం వేసుకునే 'వినియోగ హక్కు' మాత్రం తీసుకుంటుంది. ముందు గెజిట్‌లో ప్రకటన వేస్తారు. ఆ తర్వాత 21 రోజుల్లోగా, ఆ భూమిలో హితసంబంధం ఉన్న ఏ వ్యక్తి అయినా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. అధికారి ఆయన వాదన వినాలి. విన్నాక ఒప్పుకోవచ్చు, తోసెయ్యొచ్చు.

హితసంబంధం ఉన్న వ్యక్తి అంటే ఆచరణలో ఎవరు? అడంగల్లో పేరున్నవాడు. పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాడు. నోటీసు వెళ్లేది ఆయన ఇంటికి. మాట మీద కౌలు చేస్తున్న దళిత రైతు పేరు ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి ఆయన లేనట్టే. కూలీ సంగతి చెప్పనే అక్కర్లేదు. గొట్టానికి పది గజాల దూరంలో గుడిసె వేసుకున్నవాడు కూడా లేనట్టే, ఎందుకంటే గొట్టం ఆయన స్థలం కింద నుంచి పోవడం లేదు. ప్రమాదం ఎంత దూరం వస్తుందో లెక్క గట్టి అంతమేరా ఉన్నవాళ్లని అడగాలన్న ఆలోచన ఈ చట్టంలో ఎక్కడా లేదు.

నష్టపరిహారమూ ఇదే దారి. వినియోగ హక్కుకి భూమి మార్కెట్ విలువలో 10 శాతం, దానితోపాటు పంటకీ చెట్లకీ జరిగిన నష్టం. ఆ తర్వాత గొట్టం మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి చెట్టు కొట్టేస్తే రైతుకి లెక్క కట్టిస్తారు. ఆ చెట్టెక్కి కాయలు దింపి బతికేవాడికి, మట్టలు నేసి, కొబ్బరి పీచు తీసి బతికే ఆడవాళ్లకి పోయిన పని దినాల లెక్క ఎవరు కడతారు?

ఇదే చట్టంలో మనకి పనికొచ్చే మాట కూడా ఒకటుంది. ప్రకటన నాటికి నివాసానికి వాడుతున్న స్థలం కింద, పక్కా కట్టడం ఉన్న స్థలం కింద, ఇంటిని ఆనుకుని ఉన్న స్థలం కింద గొట్టం వెయ్యకూడదు. ఒక మీటరు కంటే తక్కువ లోతులో వెయ్యకూడదు. చట్టం ఇల్లు అంది గాని పట్టా ఉన్న ఇల్లు అనలేదు. కానీ పోరంబోకులో ఉన్న గుడిసె ప్రకటన నాటికే అక్కడ ఉందని రుజువు చెయ్యమంటే ఏం చూపిస్తాం? రేషను కార్డు, కరెంటు బిల్లు, ఓటరు జాబితా, బడిలో పిల్లల పేర్లు. ఇవి దాచుకోవడం దళిత పేటలకి కేవలం సంక్షేమ పథకాల కోసమే అనుకుంటాం. రేపు గొట్టం మన గుమ్మం ముందుకొచ్చినప్పుడు కూడా ఇవే సాక్ష్యం.

పర్యావరణ నిబంధన: సభ ఉంది, గొట్టానికి కాదు

అసలు అందర్నీ అడిగే సభ లేదా అంటే, ఉంది. ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతి తప్పనిసరి చేస్తూ 1994లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 1997 ఏప్రిల్‌లో దానికి ప్రజా విచారణ చేర్చారు. 2006 సెప్టెంబరు 14న పాతదాని స్థానంలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇప్పటికీ మూలం అదే.

దాని ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ రెండు రకాలు. ఒకటి, ప్రాజెక్టు జరిగే చోటుకి దగ్గర్లో స్థానికుల కోసం పెట్టే సభ. రెండు, ఆసక్తి ఉన్న ఎవరైనా పంపగలిగే రాతపూర్వక అభిప్రాయం. సభకి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభ మొత్తం వీడియో తియ్యాలి. చివర్లో జనం చెప్పినదాని సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. మినిట్స్ అదే రోజు సంతకం కావాలి.

ఇక్కడ భూమి కాగితం అడగరు. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. కాబట్టి భూమిలేని దళితుడికి చట్టం ఇచ్చిన ఒకే ఒక్క మైకు ఇది. అందుకే దీని హద్దులు ఎక్కడున్నాయో జాగ్రత్తగా చూడాలి.

మొదటి హద్దు. ఈ నోటిఫికేషన్ గ్యాసు గొట్టాల్లో జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా పోయేవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఊళ్ల మధ్య నుంచి, పేటల పక్క నుంచి పోయే గొట్టానికి ఈ సభ అక్కర్లేదు. అడవి పందికి, తాబేలుకి హాని జరుగుతుందేమో చూడమంది చట్టం. చూడాల్సిందే. మరి నగరం లాంటి ఊళ్లో మనుషుల సంగతి?

రెండో హద్దు. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ ఈ నోటిఫికేషన్‌ని సవరించింది. భూమ్మీదైనా సముద్రంలోనైనా చమురు, గ్యాసు అన్వేషణ ప్రాజెక్టులన్నిటినీ 'బి2' అనే తరగతిలోకి మార్చింది. ఈ తరగతికి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. గ్యాసు దొరికాక ఉత్పత్తి దశకి వెళ్తే మాత్రం సభ ఉంటుంది. వినడానికి సబబుగానే ఉంది, వెతుకులాటే గదా అనిపిస్తుంది. కానీ అన్వేషణ అంటే దుర్భిణి పట్టుకుని చూడటం కాదు. రిగ్గు దిగుతుంది, వేల అడుగుల లోతున బావి పడుతుంది, లారీలు తిరుగుతాయి, బురద గుంటలు తవ్వుతారు. కింద ఏ ఒత్తిడి ఉందో సరిగా తెలియని దశ కూడా అదే. పైగా గ్యాసు దొరికి, కోట్లు ఖర్చయ్యాక పెట్టే సభలో వద్దనే మాటకి బరువెంత? పెళ్లయిపోయాక పిల్లని ఇష్టమేనా అని అడిగినట్టుంటుంది.

మూడో హద్దు. ఈ సభ ఓటింగు కాదు. దీనికి కోరం కూడా లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే. ఊరంతా వద్దన్నా అనుమతి ఇవ్వొచ్చు. అయితే వచ్చిన అభ్యంతరాల్ని పట్టించుకోకుండా ఇవ్వడానికి వీల్లేదు. గోవా గనుల విషయంలో 2009లో ఢిల్లీ హైకోర్టు, సభలో వచ్చిన అభ్యంతరాల్ని నిపుణుల కమిటీ పరిశీలించి, ఎందుకు ఒప్పుకున్నారో ఎందుకు తోసేశారో కారణాలు చెప్పాలని తీర్పిచ్చింది. అంటే మన మాట రికార్డులోకి ఎక్కితే దానికి జవాబు చెప్పే బాధ్యత వాళ్లది. ఎక్కకపోతే ఏ బాధ్యతా లేదు. కేకలేసి వచ్చేసిన సభకీ, కాగితం ఇచ్చి వచ్చిన సభకీ తేడా ఇదే.

2013 చట్టం: ప్రభావిత కుటుంబమే, సమ్మతికి మాత్రం కాదు

2013లో వచ్చిన భూసేకరణ చట్టం దళితులకి మేలు చేసిందని చాలామంది చెప్తారు. కొంత నిజం. ఆ చట్టం 'ప్రభావిత కుటుంబం' అనే మాటలోకి భూమి పోయినవాళ్లతోపాటు, అక్కడ మూడేళ్లుగా పని చేస్తున్న వ్యవసాయ కూలీల్ని, కౌలుదార్లనీ కూడా చేర్చింది. దానికి ముందున్న 1894 నాటి చట్టంలో వీళ్ల ఊసే లేదు.

కానీ ఇంకో నిబంధన చదవండి. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ప్రభావిత కుటుంబాల ముందస్తు సమ్మతి కావాలంది చట్టం. ఎవరి సమ్మతి? భూమి లేదా స్థిరాస్తి పోయేవాళ్లది, ప్రభుత్వం నుంచి అసైన్డు భూమి పొందినవాళ్లది. కూలీలూ, కౌలుదార్లూ ఉన్న ఉపనిబంధనని ఈ లెక్కలోకి తీసుకోలేదు. అంటే కూలీని ప్రభావితుడని ఒప్పుకున్నారు, ఆయన ఒప్పుకోవాల్సిన అవసరం మాత్రం లేదన్నారు.

అసైన్డు భూమి ఉన్న దళితులకి ఇందులో చోటు దొరకడం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. డి-ఫారం పట్టా భూమికి పూర్తి పరిహారం ఇవ్వక్కర్లేదన్న వాదన మన దగ్గర చాలాకాలం నడిచింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రభుత్వం తీసుకునేటప్పుడు అసైన్డుదారుకీ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఈ తీర్పు తెలియక ఎంతోమంది తక్కువకి సంతకాలు పెట్టేశారు.

మరి గ్యాసు గొట్టాలకి ఈ 2013 చట్టం వర్తిస్తుందా? గొట్టాల చట్టాన్ని తీసుకెళ్లి దీని నాలుగో షెడ్యూల్‌లో, అంటే మినహాయింపుల జాబితాలో పెట్టారు. 2015లో పరిహారం, పునరావాసం నిబంధనల్ని ఆ జాబితాలోని చట్టాలకీ విస్తరించారు. సామాజిక ప్రభావ అంచనా, సమ్మతి మాత్రం విస్తరించలేదు. డబ్బు గురించి మాట్లాడొచ్చు, అడగడం గురించి వద్దు అన్నట్టు.

పేట ఎందుకు మాట్లాడదు?

ఇంతవరకూ కాగితం. ఇప్పుడు టెంటు కిందికి వెళ్దాం. ఇలాంటి సభలు చూసినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. ముందు వరసలో కుర్చీలు, అక్కడ సర్పంచులు, మాజీ సర్పంచులు, భూమున్న రైతులు, కంపెనీ కాంట్రాక్టర్లు. వెనకాల నిలబడ్డ జనం. ఇంకా వెనకాల, టెంటు నీడ అయిపోయే చోట, ఆడవాళ్లు. చుట్టూ పోలీసులు. మైకు ముందు వరసలోనే తిరుగుతుంది. ముందు వరస వాళ్లు వ్యతిరేకించినా సరే, సమర్థించినా సరే, మాట్లాడేది పరిహారం రేటు గురించి. పేటలో నీళ్ల గురించి, ప్రమాదం జరిగితే ఎటు పరిగెత్తాలన్న దాని గురించి, పోయే పని దినాల గురించి మాట్లాడేవాళ్లు ఉండరు.

దళితులకి చైతన్యం లేదు, అందుకే మాట్లాడరు అని తేలిగ్గా అనేస్తారు. మేము ఒప్పుకోం. ముందు వరసలో కూర్చున్నాయన పొలంలోనే రేపు పనికి పోవాలి. ఆయన ఇచ్చిన మాట మీదే కౌలు నడుస్తోంది. పిల్ల పెళ్లికి తెచ్చిన అప్పు ఆయన దగ్గరే ఉంది. ఆయన పరిహారం బేరం ఆడుతుంటే, ఆ ప్రాజెక్టే వద్దని మైకులో చెప్తే రేపు పనికి పిలుస్తారా? 1991 చుండూరులో మారణకాండకి ముందు జరిగింది సాంఘిక బహిష్కరణే అన్న సంగతి మనం మర్చిపోయినా పేట మర్చిపోదు. 2022లో కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ మే 24న అమలాపురంలో జరిగిన హింసలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బోర్డు మీద పేరునే సహించలేని చోట, మైకులో దళితుడి గొంతుని సహిస్తారని ఎలా అనుకుంటాం? మౌనాన్ని సమ్మతిగా రాసుకునే అధికారికి ఈ చరిత్ర అక్కర్లేదు. మనకి కావాలి.

ఇంకో నిజం కూడా మనలో మనం చెప్పుకోవాలి. పేటలో అందరూ గ్యాసుకి వ్యతిరేకం కారు. చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్లు ఉద్యోగం వస్తుందేమోనని చూస్తారు. వచ్చేది చాలావరకు కాంట్రాక్టరు కింద వాచ్‌మన్ పని, కాలువ తవ్వే పని. అయినా రోజూ చేలో వంగే పని కంటే నయం అనిపించడంలో తప్పు లేదు. తరతరాలుగా వ్యవసాయం మనకి కూలినీ అవమానాన్నీ ఇచ్చింది. పచ్చటి పొలాల్ని కాపాడుకుందాం అనే నినాదం భూమున్నవాడి నోట వచ్చినంత సహజంగా మన నోట రాదు. కాబట్టి పేటని అడగడం అంటే వ్యతిరేకించమని చెప్పడం కాదు. ఏ షరతుల మీద ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో, భయం లేకుండా చెప్పే చోటు కల్పించడం. మాలపేట, మాదిగపేట, పేటల్లోని ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరుగా చెప్పాల్సినవి ఉంటే వేరువేరుగా వినడం.

ఆదివాసులకి ఉన్నది, మనకి లేనిది

ఇక్కడ పోలిక ఒకటి చెప్పుకోవాలి. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైటు తవ్వకాల మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, నిర్ణయాన్ని గ్రామసభలకి వదిలింది. 12 గ్రామసభలు జరిగాయి. డొంగ్రియా కొంధులు, వాళ్లతోపాటు అక్కడ ఉంటున్నవాళ్లు, పన్నెండింటిలోనూ వద్దన్నారు. తవ్వకం ఆగింది. మన రాష్ట్రంలోనే 1997 సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆదివాసుల భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడాన్ని ఆపింది. దీని వెనకాల ఐదో షెడ్యూలు, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. వాటి వెనకాల ఆదివాసుల దీర్ఘ పోరాటాలు ఉన్నాయి.

ఆ రక్షణలు కూడా అడుగడుగునా ఉల్లంఘనకి గురవుతున్నాయి. వాటిని బలపరచాలి. మేము అడిగేది వేరు. మైదాన ప్రాంతపు దళితుడికి తాను బతికే చోటు మీద సామూహిక హక్కు ఇచ్చే చట్టం ఏది? అడవి ఆదివాసిదని కనీసం కాగితంలో ఒప్పుకున్నారు. పేట ఎవరిది? గ్రామసభ ఉంది గదా అంటారు. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామసభ మనకీ ఉంది. కానీ మైదానంలో గ్యాసు ప్రాజెక్టుకి దాని తీర్మానం తప్పనిసరి కాదు. పైగా ఊరూ పేటా కలిసిన గ్రామసభలో ఎవరి మాట చెల్లుతుందో చెప్పనక్కర్లేదు.

గ్యాసు దేశానిది, ఊరుది కాదు, అందుకే ఊరి సమ్మతి కుదరదు అన్న వాదన కూడా ఉంది. సరే, గ్యాసు దేశానిదే అనుకుందాం. దేశానిదైన బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాల్లో ప్రభావితుల కోసం 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఆ గనుల చట్టం నిర్వచనంలోనే చమురు, గ్యాసు లేవు, కాబట్టి కోనసీమకి ఆ నిధి రాదు. దేశం పేరు చెప్పి అడగరు, దేశం పేరు చెప్పి ఇవ్వరు కూడా. ప్రమాదం ఒక్కటే స్థానికం.

ఇప్పుడు చెయ్యగలిగింది

చట్టం మారేదాకా కూర్చోనక్కర్లేదు. ఉన్నదాంట్లో దొరికే సందుల్ని వాడుకోవాలి. కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు పేటల్లో చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్తాం.

1. ప్రకటన రాగానే నివేదిక తెలుగు సారాంశం అడిగి తీసుకోవాలి. అది కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో ఉండాలి. పేటలో కూర్చుని బిగ్గరగా చదవాలి. 30 రోజుల గడువు ఇందుకే.

2. సభకి ముందే పేటలో పేట సభ పెట్టుకోవాలి. ఆడవాళ్లు విడిగా కూర్చుని చెప్పుకునే వేళ ఉండాలి. చెప్పినవన్నీ రాసి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. మైకులో మాట్లాడటానికి భయం ఉన్నచోట కాగితం మాట్లాడుతుంది. ఊరందరూ పెట్టిన సంతకాల్లో ఒక్కణ్ణి వేరు చేసి పనికి రావొద్దనడం కష్టం.

3. అడగాల్సిన ప్రశ్నలు ముందే తేల్చుకోవాలి. బావికీ గొట్టానికీ పేట ఎంత దూరం? ప్రమాద హెచ్చరిక ఎలా వినిపిస్తుంది? ఎటు పోవాలి, ఏ బండి వస్తుంది? గ్యాసు గొట్టాల కంపెనీలకి ప్రమాద సమయ ప్రణాళిక ఉండాలని 2010 నుంచి నిబంధనలున్నాయి. అందులో మన పేట పేరు ఉందా? తాగునీటి బావుల పరీక్ష ఎవరు చేస్తారు? పోయే పని దినాలకి ఏమిస్తారు?

4. సభ చివర్లో మినిట్స్ చదివేదాకా కదలకూడదు. మన మాట అందులో లేకపోతే అక్కడే లేచి రాయించాలి. తర్వాత మినిట్సూ వీడియో కాపీ కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

5. అనుమతి ఇచ్చేస్తే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలు వెయ్యొచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అది దాటితే తలుపు మూసుకున్నట్టే. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది.

6. గొట్టం ప్రకటన గెజిట్‌లో పడితే 21 రోజుల్లో అభ్యంతరం. అసైన్డుదార్లు, ఇంటి స్థలాలున్నవాళ్లు తప్పకుండా వెయ్యాలి. కౌలుదార్లూ మాకు హితసంబంధం ఉందని వెయ్యాలి. తోసేస్తారు, తొయ్యనియ్యండి. తోసేసినట్టు ఒక కాగితం చేతికొస్తే ప్రశ్న మొదలైనట్టే.

ఇవి చేస్తూనే మార్పు కోసం అడగాలి. జనావాసాల పక్క నుంచి పోయే ప్రతి గొట్టానికీ ప్రజాభిప్రాయ సేకరణ ఉండాలి. అన్వేషణ బావులకి 2020లో ఇచ్చిన మినహాయింపు రద్దు కావాలి. ప్రమాదం ఎంత దూరం వస్తుందో అంత దూరంలో ఉన్న ప్రతి కుటుంబం, కాగితం ఉన్నా లేకున్నా, ప్రభావిత కుటుంబం కావాలి, వాళ్ల సమ్మతి లెక్కలోకి రావాలి. ఊరి సభతోపాటు పేటలో విడిగా సభ జరగాలి. దళితవాడల కోసం ప్రత్యేక గ్రామసభ అన్న ఆలోచన కొత్తదేం కాదు. ఊరందరి పేరు మీద ఊరిలో కొందరే మాట్లాడతారన్న అనుభవం నుంచి పుట్టిందది.

1927లో అంబేడ్కర్ మహాడ్ చెరువు దగ్గరికి వేలమందిని నడిపించినప్పుడు ఆ చెరువులో తాగే హక్కు కాగితం మీద అప్పటికే ఉంది. మునిసిపాలిటీ తీర్మానం చేసింది. కాగితాన్ని నీళ్లుగా మార్చడానికి నడవాల్సి వచ్చింది. మన ముందున్న పనీ అలాంటిదే. ఉన్న కాగితాన్ని నడిపించాలి, లేని కాగితాన్ని రాయించాలి.

చాటింపు వేసిన మనిషి డప్పు భుజాన వేసుకుని ఇంటికి పోకూడదు. సభకి రావాలి. తన మాటగా, తన పేట మాటగా ఒక కాగితం చేత్తో పట్టుకుని రావాలి. ఆ కాగితం రాసిపెట్టే పని, పక్కన నిలబడే పని మనలో చదువుకున్నవాళ్లది.